పురుగుల మేడం

ఆగస్టు 18, ఆదివారం

చెల్లాయికి,

అక్క ఆశీస్సులు. మీరంతా కులాసాగా ఉన్నారనే తలుస్తున్నాను. ఏడేళ్ల తర్వాత నా చేతిరాత చూసి కంగారు పడకు. ఒంట్లో బాగానే ఉంది, మనసే కుదురుగా లేదు. పొద్దుటి నుంచి కూర్చోవడం, లేవడం, కాలుగాలిన పిల్లిలా వంటింటికీ వాకిలికీ తిరగడం. ఇది నాలుగో కాగితం.

ల్యాబ్ ఉద్యోగం అలాగే ఉంది. పొద్దస్తమానం మైక్రోస్కోపులో కన్నుపెట్టి రక్తకణాలు లెక్కపెట్టడమే. రెండు నెలలుగా మాత్రం శనివారాలు ఒక బడికి వెళ్తున్నాను, జీతం లేని పని. నాలుగో తరగతి పిల్లల్ని బడి వెనక కాలవగట్టుకు తీసుకెళ్లి పురుగూ పుట్రా, ఆకూ అలమూ చూపించాలి. ముట్టుకోకండి, చూడండి, చూసింది బొమ్మ వేయండి. అంతే పాఠం. బల్లిని చూసి మంచమెక్కే అక్కకి పిల్లలు పెట్టిన పేరు పురుగుల మేడం! నవ్వుకో.

నిన్న తోడొచ్చే టీచరు సెలవు. తిరిగొచ్చి గేటు దగ్గర లెక్కపెడితే పద్దెనిమిది మందికి పదిహేడే ఉన్నారు. మళ్లీ లెక్కపెట్టాను. పదిహేడే. లేనిది వసపిట్ట. నోరు మూయని పిల్ల, అందుకే ఆ పేరు. ఆ గోల వినపడటం లేదని నాకు అంతవరకూ తట్టనే లేదు.

పిల్లల్ని వాచ్‌మన్‌కి అప్పజెప్పి పరిగెత్తాను. మొన్నటి వానకి కాలవ నిండుగా పారుతోంది. అరిచి అరిచి గొంతు పోయింది. ఇరవై నిమిషాలకి తూము వెనక కనపడింది. బోర్లా పడుకుని, గడ్డం నేలకానించి, చీమలబారు చచ్చిన తూనీగని లాక్కెళ్లడం చూస్తోంది. జానెడు దూరంలో నీళ్లు. వెనక్కి లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుంటే, "మాట్లాడితే పారిపోతాయని మీరే అన్నారు కదా మేడం, అందుకే పలకలేదు" అంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"మీ కళ్లెక్కడున్నాయండీ?" అని హెడ్‌మిస్ట్రెస్ నిలదీశారు. పిల్లలు ముందూ వెనకా అయ్యారు, చూసుకోలేదన్నాను. వసపిట్ట నాన్న, బస్సు మెకానిక్, "పోనీలెండమ్మా, దొరికింది కదా" అని నాకే మంచినీళ్లు తెచ్చిచ్చాడు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఉంటాను. మరిదిగారిని అడిగానని చెప్పు.

మీ అక్క

తా.క.: హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పింది అబద్ధం. నా కళ్లెక్కడున్నాయో నాకు తెలుసు. అది మీ పాప చదివే బడే. వెతుక్కుని మరీ చేరాను. రెండు నెలలుగా పద్దెనిమిది మందిని తీసుకెళ్లి ఒక్క పాపనే చూస్తున్నాను. నిన్న తను ఆకు బొమ్మ వేస్తూ అచ్చం నీలాగే నాలుక బయటపెట్టింది. అది చూస్తూ నిలబడిపోయాను. వసపిట్ట జారుకుంది అప్పుడే. నేనెవరో పాపకి చెప్పలేదు, ఒట్టు.

నువ్వు మందు వేళకి ఇచ్చి ఉంటే అమ్మ బతికేదని ఆ రోజు పదిమందిలో అన్నాను. నువ్వు ఓ కునుకు తీశావు, అంతే. మనిషి చూపు పక్కకి తిరగడానికి ఎంతసేపు పడుతుందో నిన్న తెలిసింది.

రేపు హెడ్‌మిస్ట్రెస్‌కి ఉన్నదున్నట్టు చెప్పి మానేస్తున్నాను. ఇక పాపని చూడాలంటే మీ ఇంటి తలుపే తట్టాలి. రమ్మంటావా?