శౌరమ్మ పిన్ని అడిగిన పని

పటమట, విజయవాడ,
22-6-2003, ఆదివారం.

అమ్మకి,

జాన్‌బాబు నమస్కారాలతో రాస్తున్నాను. మరియతల్లి దయవల్ల ఇక్కడ నేను, హన్నా, చిన్నది ఒంట్లో బాగున్నాం. ఖరగ్‌పూర్‌లో నువ్వు, చెల్లి శాలిని, ఫిన్నీ బావగారు, ఇంకా నెల నిండని మన బాబు అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. చెల్లికి ఆపరేషన్ కుట్లు మానాయని, బాబు పాలు బాగా తాగుతున్నాడని చదివి హన్నా నిలబడ్డచోటే ప్రార్థన చేసుకుంది. నువ్వు నాలుగు సంగతులు అడిగావు. జవాబు రాద్దామని మూడు రోజులుగా కూర్చుంటున్నాను. మూడు సంగతులకి రాసి, నాలుగోదాని దగ్గర కాగితం మడిచి పెట్టేస్తున్నాను. ఇవాళ పూజ నుంచి వచ్చి, పూర్తయ్యేదాకా లేవకూడదని కూర్చున్నాను.

మొదట వానల సంగతి అడిగావు. పదిహేడో తారీఖున ఒక జల్లు పడింది. మెట్లు తడిశాయి, అంతే. మళ్లీ ఉక్కపోత మొదలైంది. ఇక్కడి ఎండల గురించి బావగారు చదివి చెప్పింది నిజమే. వడదెబ్బకి రాష్ట్రం మొత్తం మీద వెయ్యిమందికి పైగా పోయారని పేపర్లో వేశారు. మే నెలాఖరులో మిట్టమధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర కూడా మనిషి కనపడలేదు. పోయిన ఆదివారం ఉయ్యూరు వెళ్లి జక్కయ్య మామయ్యని చూసి వచ్చాను. కాలవకి నీళ్లు వదల్లేదు. చెరుకు సగం ఎండిపోయింది. "పైన వానల్లేవంటారు, డ్యాముల్లో నీళ్లు లేవంటారు. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ కాలవ ఇట్లా నెర్రెలిచ్చి లేదురా" అన్నాడు. నీళ్లు ఎప్పుడొస్తాయి మామయ్యా అంటే, "నన్నడుగుతావేంట్రా, చదువుకున్నోడివి నువ్వు చెప్పు" అన్నాడు. నాకేం తెలుసని చెప్పను.

రెండోది ఇంటి సంగతి. హన్నాకి ఒళ్లంతా పేలిన చెమటకాయలు తగ్గాయి. స్కూలు తెరిచారు, పాఠాలు చెప్పడానికి మళ్లీ వెళ్తోంది. నువ్వు పెట్టి వెళ్లిన ఆవకాయ జాగ్రత్తగానే ఉంది.

మూడోది ఏసీ సంగతి. "ఊరందరికీ పెడతావు గదా, చెల్లి పసిబిడ్డతో వచ్చేసరికి మన నడిమి గదిలో పాతదైనా ఒకటి పెట్టరా" అని రాశావు. పెట్టగలను. మిషన్ కూడా గవర్నర్‌పేట షాపులో ఉంది. కానీ అమ్మా, అవునని గానీ కాదని గానీ ఇప్పుడు రాయలేకపోతున్నాను. నాలుగోదానికి జవాబు చదివితే నీకే తెలుస్తుంది.

నాలుగోది శౌరమ్మ పిన్ని గురించి. "రెండు ఉత్తరాల్లోనూ దాని ఊసెత్తలేదేం? మాట చెప్పి పంపకుండా ఉండేది కాదే. దానికి ఇక్కడ ఒక తెల్ల నేతచీర కొన్నాను, చెప్పు" అని రాశావు.

అమ్మా, పిన్ని లేదు. మే ఇరవై ఎనిమిది, బుధవారం సాయంత్రం పోయింది.

ఇది చదివి నువ్వు ముందు లెక్కపెట్టేది తేదీలని నాకు తెలుసు. జూన్ ఒకటిన, బాబు పుట్టిన మర్నాడు, ఎస్టీడీ బూత్ నుంచి నీతో మాట్లాడాను. "శౌరమ్మ ఎట్లా ఉందిరా?" అని అడిగావు. "బాగానే ఉందమ్మా" అన్నాను. అప్పటికి పిన్నిని మట్టి చేసి మూడు రోజులైంది. చెల్లికి ఆపరేషన్ అయింది, నీకు బీపీ ఉంది, వింటే ఏమవుతావో అని అలా చెప్పానని హన్నాతో అన్నాను. అది సగం నిజం. మిగతా సగం కింద రాస్తాను.

ముప్పై ఏళ్లు మన పెరటిగోడ అవతల ఆ రేకుల గదిలో ఉంటూ, చీరలకి ఫాల్స్ కుట్టుకుంటూ, సొంత చెల్లెల్లా నీతో తిరిగిన మనిషి ఎలా పోయిందో నువ్వు వివరంగా అడుగుతావు. అందుకే దాచకుండా రాస్తున్నాను.

ఏప్రిల్‌లో నువ్వు రైలెక్కిన వారానికి, పిన్ని గదికి ఎదురుగా ఉన్న మేడ కింది వాటాలో అబ్దుల్లా గారనే ఆయన కంప్యూటర్ సెంటర్ తెరిచారు. పాతిక కంప్యూటర్లు. అవి వేడెక్కకూడదు. నాలుగు ఏసీలు కావాలన్నారు. పెట్టింది నేనే. రోడ్డు వైపు బోర్డు పెట్టుకోవాలన్నారు కాబట్టి పిన్ని గది ఉన్న సందు వైపు గోడకి నాలుగు కన్నాలు కొట్టి బిగించాను. లోపల చల్లదనం వస్తే ఆ వేడంతా మిషన్ వెనక నుంచి బయటికి పోవాలి. ఆ సందు వెడల్పు నీకు తెలుసు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి తిరగాలి. నాలుగు మిషన్ల వీపులూ తిన్నగా పిన్ని కిటికీకి ఎదురుగా వచ్చాయి. ఆ గదికి ఉన్నది ఆ ఒక్క కిటికీయే.

మొదట్లో పిన్ని సంతోషించింది. మిషన్ల నుంచి కారే నీళ్లకి బకెట్ పెట్టుకుని, "నీ మిషన్లు పుణ్యం కట్టుకున్నాయి జానూ, గిన్నెలు కడుక్కోడానికి వస్తున్నాయి" అంది. మే మొదటి వారంలో ఒకరోజు పొద్దున నేను స్కూటర్ తీస్తుంటే గుమ్మంలోకి వచ్చింది. "జానూ, ఆ గాలి మొహాన కొడుతోందిరా, పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. వాటిని కాస్త అటు తిప్పించలేవా?" అంది. "ఓనర్ ఒప్పుకోడు పిన్నీ. గోడ మళ్లీ పగలగొట్టాలి. సీజన్ అయ్యాక చూద్దాం" అన్నాను. "సర్లే, నీకూ పని ఎక్కువగా ఉంది" అని లోపలికి వెళ్లిపోయింది. నిజంగానే ఆ నెలంతా నాకు తల ఎత్తే తీరిక లేదు. ఎండ పెరిగే కొద్దీ ఫోన్లు. పది రోజుల తర్వాత ఇంకోసారి అడిగింది. నేను మళ్లీ అదే చెప్పాను. ఆ తర్వాత అడగలేదు. పగలంతా కిటికీ మూసుకుని కుట్టుకుంటోందని హన్నా చెప్పింది.

ఇరవై ఎనిమిదో తారీఖు నాలుగింటప్పుడు హన్నా మజ్జిగ తీసుకుని వెళ్లింది. తలుపు నెడితే పిన్ని కుట్టుమిషన్ పక్కన నేల మీద పడి ఉంది. ఒంటి మీద చెయ్యి వేస్తే కాలిందట. చెమట లేదు. నన్ను షాపు నుంచి పిలిపించి, ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. వరండా నిండా అలాంటివాళ్లే. తడిగుడ్డలు చుట్టి, ఐసు పెట్టి, సెలైన్ ఎక్కించారు. డాక్టర్ చిన్నవాడు, మూడు రోజులుగా ఇంటికి వెళ్లలేదట. "ఎండలో తిరిగారా?" అని అడిగాడు. లేదండీ, గదిలోనే ఉందన్నాను. "గదికి గాలి వస్తుందా?" అన్నాడు. నేను హన్నా వైపు చూశాను. హన్నా చెప్పింది, కిటికీ మూసి ఉందని. ఆరున్నరకి పోయింది. ఫాదర్ గారు వచ్చారు. మర్నాడు గుణదల సమాధుల తోటలో పెట్టాం. ఆమెకి దగ్గరివాళ్లు లేరు కాబట్టి మొదటి పిడికెడు మట్టి నేనే వేశాను.

వారం తర్వాత వడదెబ్బ చావులు రాసుకోవడానికి గవర్నమెంటు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. "ఇంట్లో ఉన్న మనిషికి వడదెబ్బ అంటే పైవాళ్లు ఒప్పుకుంటారో లేదోనండీ. కారణం ఏం రాయమంటారు?" అని నన్నే అడిగాడు. పెన్ను పట్టుకుని నా మొహం చూస్తూ నిలబడ్డాడు. నాకు తెలియదండీ అన్నాను. చివరికి ఏం రాశాడో కూడా నేను చూడలేదు.

అప్పటి నుంచి నాకు అదే పట్టుకుంది. కారణం ఏం రాయాలి? మన వీధి చివర ఫిజిక్స్ లెక్చరర్ హుమాయూన్ గారి ఇంటికి ఫ్రిజ్ చూడ్డానికి వెళ్లినప్పుడు అడిగేశాను.

"సార్, పిన్ని పోవడానికి భూమి వేడెక్కడం కారణమా, నా మిషన్లా?"

ఆయన ఫ్రిజ్ తలుపు మూసి నా వైపు తిరిగారు. "ఒక్క వేసవిని చూపించి ఇది దానివల్లే అని చెప్పలేం జాన్‌బాబూ. బొగ్గు, పెట్రోలు కాల్చిన పొగ గాలిలో పేరుకుని భూమిని వేడెక్కిస్తోందన్నది నిజం. నీ ఏసీలు నడిచే కరెంటు ఆ బొగ్గుదే. నువ్వు రిపేర్లప్పుడు మిషన్లోంచి బయటికి వదిలేసే గ్యాసు కూడా అందులో చేరుతుంది. కానీ ఆ సందులో వేడి మాత్రం ఆ మిషన్లది. పైన రేకులు, ఆవిడ వయసు, మూసిన కిటికీ, అన్నీ కలిశాయి."

"అన్నీ అంటే ఎవరూ కాదని కదా సార్."

"అలా అనలేదు నేను. సందులో ఎంత వేడి ఉందో నువ్వు కొలిచావా?"

కొలవలేదు. నా సంచిలో ఎప్పుడూ థర్మామీటర్ ఉంటుందమ్మా. మిషన్ ముందు పెట్టి ఎంత చల్లగా వస్తోందో కొలిచి ఓనర్‌కి చూపిస్తాను. పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని మిషన్ వెనక పెట్టి చూడలేదు. గ్యాసు వదలకూడదని రెండేళ్ల కిందట మాకు క్లాసు కూడా పెట్టారు. ఓజోన్ అన్నారు, వేడి అన్నారు, నాకు రెండూ కలగలిసిపోయాయి. సర్టిఫికెట్ ఇచ్చారు, షాపులో తగిలించాను. మర్నాటి నుంచి గ్యాసు మామూలుగానే వదిలాను.

హుమాయూన్ గారి ఇంటి నుంచి తిన్నగా అబ్దుల్లా గారి దగ్గరికి వెళ్లాను. మిషన్లు వేరే గోడకి మార్చాలండీ, వెనకింట్లోకి వేడి పోతోందన్నాను. పోట్లాటకి సిద్ధపడే వెళ్లాను. ఆయన లేచి నాతో సందులోకి వచ్చారు. ఆయన అటు రావడం అదే మొదటిసారి. ఆ గాలిలో కాసేపు నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇక్కడ మనిషి ఉంటున్నారా?" అన్నారు. "రోడ్డు వైపుకి మార్చెయ్యండి భాయ్. బోర్డు పైకి జరుపుకుంటాను. ముందే చెప్పాల్సింది."

అంతే అమ్మా. రెండు నిమిషాలు పట్టలేదు.

నేను ఇన్నాళ్లూ చెప్పలేకపోయిన ఆ మిగతా సగం ఇదే. ఓనర్ ఒప్పుకోడని పిన్నితో రెండుసార్లు చెప్పాను. కానీ ఆయన్ని నేను అసలు అడగనే లేదు. ఆయన ఒప్పుకోడని నేనే అనుకున్నాను. అడిగితే ఒక రోజు పని పోతుందనుకున్నాను. ఆ మాటే పిన్నికి జవాబుగా చెప్పాను, ఆమె నమ్మింది. మిషన్లు మార్చడానికి ఒకటిన్నర రోజు పట్టింది. మార్చాక థర్మామీటర్ పట్టుకుని సందులో నిలబడ్డాను. ముప్పై తొమ్మిది చూపించింది. మార్చకముందు ఎంత ఉండేదో ఎప్పటికీ తెలియదు. మార్చి ఉంటే పిన్ని బతికేదా అంటే అదీ తెలియదు. గాంధీనగర్‌లో, కృష్ణలంకలో ఏసీ దరిదాపుల్లో లేనివాళ్లు కూడా పోయారు. ఒక్కోరోజు అది తలుచుకుని ఊపిరి పీల్చుకుంటాను. ఆ వెంటనే సిగ్గేస్తుంది.

హన్నాకి మొన్నే చెప్పాను. చేతిలో పని పక్కన పెట్టి, "అత్తయ్యకి రాయండి. ఆవిడ తిట్టినా సరే" అంది.

ఇప్పుడు ఎక్కడ మిషన్ పెట్టాలన్నా ముందు ఆ గోడ వెనక్కి వెళ్లి చూస్తున్నాను. గురువారం మొగల్రాజపురంలో ఒకాయన పిలిచాడు. వెనక చూస్తే ఒక పెంకుటింటి కిటికీ, లోపల పసిపిల్లని ఒళ్లో వేసుకుని ఒకావిడ. ఇటు పెట్టనండీ, పక్కగోడకి పెడతానన్నాను. "వెనక ఎవరుంటే మీకెందుకండీ? పక్కగోడకి మా దేవుడి అల్మారా ఉంది" అన్నాడు. నేను పనిముట్లు సర్దుకుని వచ్చేశాను. మంచిపని చేశానని దారంతా అనుకున్నాను. నిన్న అటు వెళ్తూ చూస్తే మిషన్ ఆ గోడకే ఉంది. నేను వచ్చేసిన సాయంత్రమే ఇంకో మెకానిక్ బిగించాడట. నేను పెట్టకపోవడం వల్ల ఆ పిల్లకి ఒరిగిందేమీ లేదు. పైగా నేనైతే కాస్త పైకి, కిటికీ తప్పించి పెట్టేవాణ్ణేమో.

ఉండబట్టలేక ఆ పెంకుటింటికి వెళ్లాను. ఆవిడ పేరు దానమ్మ. ఏసీ మెకానిక్‌నని చెప్పి, ఈ గాలి పిల్లకి మంచిది కాదమ్మా, వాళ్లతో గట్టిగా మాట్లాడండి, భయపడకండి, అడిగితే ఒప్పుకునేవాళ్లు కూడా ఉంటారన్నాను. మా ఆయన వచ్చాక చెబుతానంది. నేను గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

"అందాకా కిటికీ తెరిచి ఉంచమంటారా అండీ, మూసెయ్యమంటారా?"

తెరిస్తే మిషన్ వేడి లోపలికి కొడుతుంది. మూస్తే గాలి ఆడదు. పదిహేనేళ్లుగా చల్లదనం అమ్ముకుని బతుకుతున్న వాణ్ణి, గుమ్మంలో వెనక్కి తిరిగి ఆ కిటికీ వైపు చూశాను. ఆవిడ పిల్లని భుజం మీదికి మార్చుకుని, నేను చెప్పేదాని కోసం చూస్తోంది. "నాకు తెలియదమ్మా" అన్నాను.

ఇట్లు,
నీ కొడుకు
జాన్‌బాబు