బెల్టు మీద ఎర్ర చుక్క

బుధవారం రాత్రి

నా రాత గీతల్లా ఉందని, తప్పులున్నాయని ఏమనుకోకు రాజూ. నోటితో చెప్పలేక డైరీలో రాసి, ఈ పేజీ నీ మంచం పక్కన తెరిచి పెడుతున్నాను.

వారం నుంచి పొద్దున కారు స్టార్టు చేస్తే బెల్టు కీచుమంటోంది. తడిమి చూస్తే లోపలి వైపు పగుళ్లు తగిలాయి. మార్చాలని నేనే అన్నాను. ఇవాళ నువ్వు మెకానిక్ దగ్గరికి పోయేముందు, వేరేవాళ్ల మందలో కలిసిపోకుండా మన గొర్రెలకు పూసే ఎర్ర రంగుతో ఆ పాత బెల్టు మీద చుక్క పెట్టాను.

సాయంత్రం మెకానిక్ నీతోపాటు వచ్చి, "కాకా, కొత్త బెల్టు ఏసిన. ఇగ ఫికర్ లేదు" అన్నాడు.

"మా బాపు గొర్లను తప్ప ఎవ్వల్ని నమ్మడన్నా" అని నువ్వు నవ్వావు. నేనూ తల వంచుకుని నవ్వాను.

మీరు పోయాక స్టార్టు చేశాను. కీచు లేదు. కీచు రాకుండా మెకానిక్ ఏదో పూసినట్టున్నాడు. బానెట్ ఎత్తితే బెల్టు మీద నా చుక్క అక్కడే ఉంది.

రేపు కోడలిని కాన్పుకు మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోవాలి. దారిలో తెగితే? మెకానిక్ పని చేస్తున్నప్పుడు పక్కనే ఉన్నావా, చాయ్‌కి పోయావా? కారు తాళంచెవి నా దిండు కింద ఉంది. లేవగానే వచ్చి జవాబు చెప్పు.