చెప్పినా ఎవరూ రాలేదు

హిందూపురం

పద్మక్కకు, నీ చెల్లెలు సుజాత నమస్కారాలు.

నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. అవ్వ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉందో రాయి. తాడిమర్రిలో వాన పడిందా? చెనిక్కాయ విత్తనం వేశారా? నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను, నీ కోసం చెప్పే మాట కాదు.

ఇక్కడ సాయంత్రమైతే చల్లగాలి. క్యాంటీను సాంబారులో బెల్లం వేస్తారు. మొదటి వారం మింగలేకపోయాను, ఇప్పుడు అలవాటైంది. ఆదివారం మాత్రం గదిలో ఒక్కదాన్నే కూర్చుంటే ఎవరితోనైనా కొట్లాడాలన్నంత దిగులు. ఎవరైనా ఇటు వస్తే కొంచెం చెనిక్కాయల పొడి పంపు.

ఫోనులో చెప్పకుండా ఉత్తరమెందుకు అంటావేమో. ఈ సంగతి వింటే తెలిసేది కాదక్కా, రాసి చూపించాల్సిందే.

డిగ్రీ చదివానని బట్టల ఫ్యాక్టరీలో మా లైను రిజిస్టరు నన్నే ఇంగ్లీషులో రాయమన్నారు కదా. ఆ లైనులో లక్ష్మీదేవి అని, రోజూ పెనుకొండ నుంచి వస్తుంది, నాకంటే పదేళ్లు పెద్ద. పోయిన వారం ఆమె కుట్టుమిషనుకు సూది వేలికి తగలకుండా ఉండే గార్డు వదులైంది. పొద్దున్నే మెకానిక్కును పిలిచి చెప్పింది, నేను పక్కనే ఉన్నాను. ఎవరూ రాలేదు. పని ఆపితే సూపర్‌వైజరు ఊరుకోడు. మధ్యాహ్నం సూది ఆమె వేలిలో దిగింది.

ఆ రక్తం చూసిన కంగారులోనే రిజిస్టరులో రాశాను: “గార్డ్ వాజ్ లూజ్ షీ టోల్డ్ నో వన్ కేమ్ నీడిల్ వెంట్ ఇన్ హర్ ఫింగర్.” మధ్యలో చుక్క లేదు, కామా లేదు.

మరునాడు మేనేజరు చదువుతూ “షీ టోల్డ్ నో వన్” దగ్గర ఆగిపోయాడు. అంటే ఎవరికీ చెప్పలేదని! తరువాతి “కేమ్” ఏదో నా తప్పనుకున్నాడు. గార్డు వదులని తెలిసీ దాచిన మనిషి వద్దు, రేపటి నుంచి రానక్కర్లేదు అన్నాడు.

లక్ష్మీదేవి కట్టు కట్టిన చెయ్యి పట్టుకొని నా వైపు తిరిగింది. “నేను చెప్తిని కదమ్మా, నువ్వు ఆడే ఉంటివి కదా? ఏమని రాస్తివి?”

నేను ముందుకొచ్చి, “ఆమె చెప్పింది సార్, నేను విన్నాను. రేపు సరిగ్గా రాసి తెస్తాను సార్, అంతవరకు ఆగండి,” అని బతిమాలితే, రాతలో ఉంటేనే నమ్ముతానని ఒక్కరోజు గడువిచ్చాడు.

మా ఇంటి ఓనరు జైబున్ టీచరమ్మ ధర్మవరంలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఇంటికి రాగానే చెప్పి ఏడ్చాను. ఆమె తిట్టలేదు, కాగితం ముందర పెట్టింది.

“తెలుగులో ఏమంటావు?”

“చెప్పినా ఎవరూ రాలేదు.”

“చెప్పినా! ఆ ‘నా’ ఉండాది చూడు, చెప్పింది కానీ పని కాలేదని అదే చెప్తాది. ఇంగ్లీషులో ఆ పని చేసేది యాడుండాది నీ వాక్యంలో?”

నేను ‘టోల్డ్’ తరువాత కామా పెట్టాను. “కామా ఒక్కటే చాలదు. రెండూ పూర్తి వాక్యాలు. కామా పెట్టి, పక్కన బట్ పెట్టు,” అంది.

“షీ టోల్డ్ ది మెకానిక్, బట్ నో వన్ కేమ్.” అని రాశాను.

అక్కా, చూడు. నిన్నటి రాతలో ఎవరికీ చెప్పని మనిషి ఈ రాతలో చెప్పిన మనిషైంది. టీచరమ్మ ఇంకోటి చూపించింది. ముందే ‘అయినా’ అనే అర్థమిచ్చే ఆల్దో పెడితే మొదటి ముక్క అయిపోయిన చోట కామా చాలు, మళ్లీ బట్ రాయకూడదట. మనం నోరు తెరిస్తే చాలు చెప్పినా, వచ్చి, తింటే అని కలిపేస్తుంటాం. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్నా నేనెప్పుడూ ఆ మాటల కొసలను చూడనేలేదు.

మరునాడు పొద్దున మేనేజరు ముందర, పాతది కొట్టెయ్యకుండా కిందనే కొత్త వాక్యం రాసి సంతకం చేశాను. “తప్పు నా రాతది సార్, ఆమెది కాదు,” అన్నాను. ఆయన రెండుసార్లు చదివి మెకానిక్కును పిలిపించాడు. అతను తల దించుకొని, “పిలిచింది సార్. రెండో లైనులో పనుండె, మర్సిపోతి,” అన్నాడు.

లక్ష్మీదేవి పనిలోనే ఉంది. ఆ సాయంత్రమే అన్ని మిషన్ల గార్డులూ బిగించారు.

ఆమెకు చదువు రాదు. రిజిస్టరు దగ్గరికొచ్చి, “యాడుండాది, చూపించు,” అంది. కామా చూపించాను. కిందికి వంగి చాలాసేపు చూసింది.

“ఇంతేనా?”

“పక్కన బట్ కూడా ఉందక్కా.”

“రెండూ ఉండనీ తల్లీ,” అని కట్టు లేని చేత్తో నా తల నిమిరింది.

అవ్వ కాళ్లకు నా బదులు నువ్వు మొక్కు. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మీ దీవెనలు నాకుండాలి.

నీ చెల్లెలు
సుజాత