దూలం లేని చోట

వెర్లిన్, బేస్‌మెంట్‌కి కరెంటు ఆపేశాను. నేను వచ్చేదాకా మళ్లీ వెయ్యకు, ఇంకో లైటుకు వైర్లు కలపాలి. నువ్వు సీలింగు పలకకు కన్నం కోసి దాని మీదే లైటు కూర్చోబెట్టిన చోట, పలక నీ పొట్టలాగే కిందికి జారింది. బరువు అటూ ఇటూ ఇనప పట్టీల మీద ఆనాలని ఎంత మొత్తుకున్నా వింటేగా! అన్నీ తీసి నేనే సరిచేశాను. ఫ్రిజ్‌లో మాంసం, బంగాళాదుంపలు వేసి కాల్చిన హాట్‌డిష్ ఉంది, వేడిచేసుకుని తిను.

ఇక నీ కుర్చీ పైనున్న పలక సంగతి. "అక్కడ లైటు వద్దే, పైన దూలం అడ్డం" అన్నావు కదా? ఎత్తి చూశాను. దూలం లేదు గానీ సిగరెట్ పెట్టెలూ, లైటరూ ఉన్నాయి. గుండెకు స్టెంటు వేసిన డాక్టరు ముందు ఒట్టేసిన మనిషివి! మానేశావని మురిసిపోయి మీ అక్క లావోన్ కేకు చేసి తెస్తే, సిగ్గులేకుండా రెండు ముక్కలు లాగించావు.

సరిగ్గా అక్కడే లైటు బిగించాను. ఇకనుంచి హాకీ చూస్తూ నువ్వు చెయ్యి పైకెత్తితే మెట్ల మీంచి నాకు కనబడుతుంది.

స్కూలు బస్సు తియ్యాలి, వెళ్తున్నా.

ఆర్డిస్

మరో మాట: పెట్టెలో ఒకటి తగ్గింది. గరాజులో నేనే కాల్చాను. దగ్గలేక చచ్చాను. ఈ పాడు రుచి కోసమా నన్ను ఒక్కదాన్నే వదిలేసి పోదామనుకుంటున్నావు?