బల్ల కింది గిన్నె

అత్తయ్యగారికి నమస్కారం.

మన బ్రాందీ షాపులో కూర్చుని నేను తాగుతున్నానని పిన్నిగారు మీకు చెప్పారట. జబ్బు చేశాక మీ అబ్బాయికి వాసన తెలియడం లేదు. అందుకే చవక విస్కీల్లో మంచివేవో నేనే రుచి చూసి చెబుతున్నాను. ఐరిష్‌వి నాలుకకు మెత్తగా తగులుతాయి, స్కాచ్‌ల్లో కొన్ని పొగ వాసన కొడతాయి. అన్నీ పుక్కిలించి ఉమ్మేస్తాను. నలుగురిలో ఉమ్మడానికి సిగ్గేసి గిన్నె బల్ల కింద పెట్టుకున్నాను. పిన్నిగారికి గ్లాసు ఒక్కటే కనబడింది.

"ఏది తీసుకోమంటావమ్మా?" అని కొనేవాళ్లు నన్నే అడుగుతున్నారు. మనింట్లో కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా నన్నెవరూ అడగలేదు.

నేను మానేస్తేనే మా గడప తొక్కుతానన్నారట. మీ మంచం దులిపి ఉంచాను, ఎప్పుడైనా రండి. నేను మాత్రం మానను. గిన్నె ఇప్పుడు బల్ల మీదే ఉంది.

మీ కోడలు