ట్రాలీ దూలానికి ఏ రాడ్డు

అక్టోబరు 19, శనివారం.

ఇవాళ్టి పనులు: ఎర్ర మిరపకాయలు ముప్పై కిలోలు కాల్చి తొక్క తీశాను. పచ్చడి పద్దెనిమిది సీసాలకు పట్టి మూతలు బిగించాను. దుప్పట్లు రెండు ఉతికాను. ద్రాక్ష ఒక ట్రాలీ నిండా గుట్ట ఎక్కించాం.

చిరంజీవి తమ్ముడు రాద్మిలోకు అక్క వుకోసావా ఆశీర్వదించి రాసేది. ఫోన్ చేస్తే ఎత్తవు కాబట్టి కాగితం పట్టాను. నువ్వూ పిల్లలూ చల్లగా ఉండాలి. ఇక్కడ అందరం బాగున్నాం. ఈ ఏడు ద్రాక్ష బాగా కాసింది.

ముందు ట్రాలీ సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందట నువ్వు వెల్డింగ్ చేసి అతికిన దూలం, అదే ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే ఇనుప దూలం, నెలకే పగిలింది కదా. ఆ తర్వాత మీ బావ తనే అతికాడు. గేటుకు వాడగా మిగిలిన మామూలు రాడ్లతో. చూడ్డానికి జడ అల్లినంత ముచ్చటగా వచ్చింది. "చూశారా, ఓడలు అతికే మా బామ్మర్దికి చేతకానిది నాకు చేతనైంది" అని ఊరంతా చాటాడు.

మొన్న మంగళవారం గుట్ట ఎక్కుతుండగా ఆ జడ కాస్తా ఊడిపోయింది. ట్రాలీ వెనక్కి జారి గట్టుకు తగిలి ఆగింది. నేను వెనకే నడుస్తున్నాను, పది అడుగుల పక్కగా. ఎవరికీ ఏమీ కాలేదు. నాలుగు పెట్టెల ద్రాక్ష కాలవపాలైంది. మీ బావ ఖాళీ పెట్టె మీద కూర్చున్నాడు, ఇక అప్పట్నుంచి మాటల్లేవు. ఆయన మాట్లాడకపోవడం ఎలా ఉంటుందో నీకు తెలుసు.

బుధవారం బస్సెక్కి పట్నం వెళ్లాను. ఇనుప సామాన్ల కొట్టు తిహోమిర్ నన్ను చూసి, "ఏం వదినా, జివాన్ అన్నకు కాళ్లు నొప్పులా, సిగ్గా?" అన్నాడు. రెండూ అన్నాను. గేటు రాడ్లు ఉన్న అర వైపు చెయ్యి చాపితే అడ్డుపడ్డాడు.

"అవి పెళ్లికూతుళ్లు వదినా. ఇట్టే అంటుకుంటాయి, పైన పేరుకునే చిట్టెం దానంతటదే ఊడిపోతుంది, అతుకు మెరుస్తుంది. గేట్లకు, పల్చటి రేకులకు అవి చాలు. బరువు లాగేదానికి, గతుకుల్లో ఊగేదానికి ఇదిగో, ఈ మొండిఘటం కావాలి. వెలిగించడమే కష్టం, వెలిగాక మాత్రం లోపలిదాకా పట్టుకుంటుంది."

నువ్వు ఆనాడు కొనిపించిన రాడ్డు అదేరా. అట్టపెట్టె చూడగానే గుర్తుపట్టాను. ఇదే వాడితే మరి పగిలిందేమని అడిగాను. "ఎక్కడ పెట్టారు ప్యాకెట్టు? దీని పూతకు చెమ్మ అంటే ప్రాణం. ఉప్పులా తాగేస్తుంది. ఆ చెమ్మతో అతికితే పైకి ఏమీ తెలియదు, లోపల పగుళ్లొస్తాయి" అన్నాడు. ఓవెన్ ఎంత కాగితే అంత కాచి, గంటన్నర ఉంచి వేడివేడిగా వాడమన్నాడు. రాడ్డు పట్టే హోల్డరును మిషన్ ప్లస్‌కు తగిలించమని కూడా చెప్పాడు.

గురువారం పొయ్యిలో చితుకులు కాదు, ఓక్ దుంగలే వేశాను. పద్నాలుగు రాడ్లు రేకు మీద పరిచి ఓవెన్‌లో పెట్టాను. మీ బావ తలుపు తీసి చూసి, "ఏమే, ఇవాళ భోజనానికి ఇవేనా? ఉప్పు సరిపోయిందా?" అన్నాడు. మూడు రోజుల్లో అదే మొదటి మాట. పాత అతుకంతా అరగదీశాడు. తుప్పు పోయి ఇనుము తెల్లబడేదాకా ఆపొద్దని నేను పక్కనే నిలబడ్డాను. మొదటి రెండు రాడ్లు దూలానికి అంటుకుపోయాయి. తిట్టాడు. మూడోది పట్టింది. అతుకు ముచ్చటగా లేదు, గరుగ్గా ఉంది. పగుళ్లు వస్తే రెండు రోజుల్లోపే వస్తాయని తిహోమిర్ చెప్పాడు కాబట్టి ఇవాళ్టిదాకా ఆగాం.

ఇవాళ నిండా ద్రాక్షతో అదే గుట్ట ఎక్కాం. మీ బావ పైన ట్రాక్టరు ఆపి, దిగి, దూలం కింద దూరి టార్చితో చూశాడు. బయటికొచ్చి మోకాళ్లు దులుపుకుంటూ, "బామ్మర్ది ఎంచిన రాడ్డు సరైందేనన్నమాట" అన్నాడు. కొట్టులోనే చెమ్మ పట్టి ఉంటుందని కూడా అన్నాడు. నిన్ను నవంబరు ఎనిమిదిన ఇంటి వేలుపు పండుగకు పిలవనా అంటే, "రాస్తే రాయి. నేను రమ్మన్నానని మాత్రం రాయకు" అన్నాడు. రాస్తున్నాను. నీ కుర్చీ తుడిచి పెడతాను.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క
వుకోసావా

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. కొట్టులో చెమ్మ పట్టలేదు. ఆ ఏడు ఇంటి పండుగకు చుట్టాలొస్తారని వంటగది సర్దుతూ, పొయ్యి పైన నువ్వు పెట్టించిన రాడ్ల ప్యాకెట్టు చూడ్డానికి బాగాలేదని తీసి నేలమాళిగలో పెట్టాను. క్యాబేజీ ఊరే పీపా పక్కన. పండుగ మర్నాడు నువ్వు అడిగితే అక్కణ్నుంచే తెచ్చిచ్చాను. "అక్కా, పొడిగానే ఉన్నాయా?" అన్నావు. చేతుల నిండా అంట్లు. "పొయ్యి మీదే ఉంటాయి కదరా" అనేశాను. దూలం పగిలిన రోజే నాకు అనుమానం వచ్చింది. నోరు విప్పలేదు. "అక్క పొడివే అంది" అని నువ్వు ఒక్క మాట అంటే నీ మీద పడేది కాదు. నువ్వూ అనలేదు.

ఇందాక మీ బావకు చెప్పేశాను. ఆయన, "అయితే రెండేళ్లుగా వాడు తిన్న తిట్లన్నీ నీవేనన్నమాట" అన్నాడు. ఆయన్ను వెంటబెట్టుకుని కల్లంగడికి వెళ్లాను, నిన్ను అన్నది అక్కడే కాబట్టి. బల్లల దగ్గర కూర్చున్న ఏడుగురికీ వినబడేలా చెప్పాను. నీకు పడ్డ బాకీ తీర్చే ఇంటికి వచ్చాను.