లాయరు నేర్చుకున్న గొంతు

ప్రియమైన డ్రైవరు గారికి,

చెల్లెలింటికి క్షేమంగా చేరాను. ఇక్కడి పెద్ద డాక్టరు నా గొంతులోకి గొట్టం దించి చూసి, ఇంకా ఏవో పరీక్షలు రాసి, అవి తేలేదాకా నోరు మెదపొద్దన్నాడు. పెళ్లయినప్పటి నుంచి మీరు కోరుకుంటున్నదీ అదే కదా. ఆయన్ను మీరే పురమాయించారేమోనని నా అనుమానం. ఫోన్ చేయకండి. మీరు హలో అంటే నేను ఊరుకోలేను. మెసేజులంటారా, "సరే", "తిన్నాను" అని రెండు ముక్కలతో సరిపెడతారు. ఉత్తరమైతే కాగితం సగం ఖాళీగా ఉందే అని మీకే సిగ్గేసి ఇంకో నాలుగు మాటలు రాస్తారు.

టమాటా మొక్కలకు పొద్దున్నే నీళ్లు పోయండి, ఆకుల మీద కాదు, మొదట్లో. పుదీనాను దాని మానాన వదిలేయండి. మూల కొట్టుకు రొట్టెలు ఆపేస్తామని చెబుదామంటే నేనే చేస్తానని బీరాలు పలికారు, కాబట్టి వినండి. పిండి పొంగిందో లేదో గడియారం చూసి తేల్చకండి, వేలితో నొక్కండి. గుంట మెల్లగా పైకి రావాలి. కాలిందో లేదో వాసనే చెబుతుంది.

మేనేజరు పిండి బస్తా మీద పడుకుంటే లేపండి. పిల్లి వెంట్రుకలున్న రొట్టెలు ఎవరు కొంటారు? లాయరుకు జామపండు సన్నగా తరిగి పెట్టండి. లేకపోతే తాను చిలుకనని కూడా చూసుకోకుండా వీధి వీధంతా వినేలా మీతో వాదనకు దిగుతుంది.

నోరు కట్టేసుకుని కూర్చున్న
మీ భార్య

*

ప్రియమైన ఓవెన్ యజమానురాలికి,

నీ ఉత్తరం అందింది. రొట్టెలు చేశాను. మొదటి విడతవి ఇల్లు కట్టుకోవడానికి పనికొస్తాయి. కొట్టాయన ఒకటి తీసి బల్ల మీద తట్టి చూసి, "అమ్మగారు ఎప్పుడొస్తారండీ?" అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు, మర్యాదస్తుడు. రెండో విడత పర్వాలేదు. టమాటాలు పిందె వేశాయి. మేనేజరు బస్తా దిగింది గాని నా యూనిఫాం మీద పడుకుంటోంది.

లాయరు గురించి రాయాలి. మొన్న డ్యూటీకి తయారవుతుంటే వెనక నుంచి "ఏవండీ, కాఫీ చల్లారిపోతోంది" అని వినిపించింది. "వస్తున్నా" అంటూ వంటింట్లోకి వెళ్లాను. స్టవ్ మీద ఏమీ లేదు. వెనక్కి వచ్చి చూస్తే, పిలిచింది లాయరు. అది ఇప్పటి నీ గొంతు కాదు. ఏడాదిగా గరగరలాడుతున్న గొంతుకే అలవాటు పడిపోయి, అంతకుముందు నువ్వెలా మాట్లాడేదానివో నేను మరిచేపోయాను. లాయరు మరిచిపోలేదు.

సాయంత్రం గేటు చప్పుడు కాగానే "తిన్నారా?" అంటుంది. లేదని నేనంటే "మరీ అంత పనేంటి మీకు" అని నీలాగే కసురుతుంది. నేను సంజాయిషీ చెప్పుకుంటాను. పక్కింటావిడ విని, నువ్వు వచ్చేశావనుకుని, మనవరాలి పుట్టినరోజుకు కేకు చెప్పిపోదామని వచ్చింది.

ఫోన్లో నీ గొంతు ఉందేమోనని వెతికాను. వీడియోలన్నీ కేకులవే. నువ్వేమో ఫోన్ పట్టుకుని ఊపిరి బిగబట్టి వెనక నిలబడ్డావు. కాబట్టి మిగిలింది లాయరే. ఇల్లు బోసిపోకుండా అదే కాపాడుతోంది.

పరీక్షల సంగతి ఒక్క ముక్క రాయలేదేం? ఏదైనా ఉంటే దాచొద్దు.

కాగితం నింపిన
నీ డ్రైవరు

*

ప్రియమైన మీకు,

దాచను. నా స్వరపేటిక తీసేయాలట. లోపలి గడ్డ మందులకు లొంగే దశ దాటిపోయింది. తీసేస్తే బతుకుతాను, బాగానే బతుకుతానని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మెడ కింద చిన్న రంధ్రం పెడతారు, ఊపిరి అందులోంచే. మాట ఉండదు. మెడకు ఆనించి పట్టుకుంటే మాట్లాడించే యంత్రం ఒకటుందట గాని, నాకు కోయాల్సిన చోటు చూస్తే అది పనికొచ్చే ఆశ లేదన్నారు.

చెల్లి బజారుకు వెళ్లినప్పుడు ఏడ్చాను. తిరిగొచ్చేసరికి ముఖం కడుక్కుని కూర్చున్నాను. ఇప్పుడు మీకు రాస్తుంటే మళ్లీ వస్తోంది.

మీరేం భయపడకండి. నేను భయపడుతున్నాను, ఇంటికి ఒకరు చాలు. కానీ ఒకటి అడుగుతాను, కాదనకండి. నేను వచ్చేలోపు లాయరును ఎవరికైనా ఇచ్చేయండి.

పిల్లగా ఉన్నప్పుడు దానికి పాలలో నానబెట్టిన రొట్టె వేలి కొసన పెట్టి తినిపించింది నేనే. ఈకలు రాకముందు నుంచీ నా బిడ్డ అది. అయినా అడుగుతున్నాను. నేను నోరు తెరిస్తే గాలి కూడా రాని ఇంట్లో, నా గొంతు పంజరంలో కూర్చుని మిమ్మల్ని కాఫీకి పిలుస్తుంటే నేను చూస్తూ ఉండలేను. మీరు ఎవరి వైపు తిరుగుతారోనని రోజూ కనిపెట్టుకుని ఉండే బతుకు నాకొద్దు.

మీ భార్య

*

నా బంగారానికి,

నీ ఉత్తరం ఆఖరి స్టాపులో బస్సు ఖాళీ అయ్యాక చదివాను. కండక్టరు రెండుసార్లు పిలిచాడట, నాకు వినపడలేదు. చివరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "డిపోకి నేను ఫోన్ చేస్తాలే అన్నా, నువ్వు కాసేపు కూర్చో" అన్నాడు.

ఆపరేషన్‌కు ముందే వస్తున్నాను. సెలవు ఇచ్చారు.

లాయరును ఉండనివ్వమని రాసి చింపేశాను. మళ్లీ రాశాను, మళ్లీ చింపేశాను. నీ గొంతు మీద నాకు కూడా హక్కుందని రాయబోయాను, ఎంత సిగ్గులేని మాటో రాశాక తెలిసింది. నువ్వు బతకాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

మా అక్కయ్యకు ఇచ్చేశాను. రెండు వీధుల అవతలే కాబట్టి దాని తిండీ నీళ్లూ సరిగ్గా చూస్తున్నారో లేదో తెలుస్తుంది. పంజరం మీద తువ్వాలు కప్పి నడుచుకుంటూ తీసుకెళ్లాను. చీకటి చేస్తే నిద్రపోతుందనుకున్నాను. దారంతా తువ్వాలు కింద నుంచి "ఏవండీ" అంటూనే ఉంది. పలకకుండా నడవడం నా వల్ల కాలేదు.

ఇక మన ఇంట్లో ఆ గొంతు వినపడదు. నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ
డ్రైవరు

*

ప్రియమైన డ్రైవరు గారికి,

మీరు తిరిగి డ్యూటీకి వెళ్లిపోయాక రాస్తున్న మొదటి ఉత్తరం. పడుకునే రాస్తున్నాను, అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి, సర్దుకోండి. కుట్లు మానుతున్నాయి. ముక్కులోంచి వేసిన గొట్టం తీసేశాక మెత్తటి జావ మింగాను. ఇవాళ అద్దం అడిగి చూసుకున్నాను. చూసి పక్కన పెట్టేశాను.

ఆ రోజు స్ట్రెచర్ మీద తీసుకెళుతుంటే మీతో ఒక మంచి మాట చెప్పాలని ముందు నుంచీ అనుకుని పెట్టుకున్నాను. తీరా తలుపు దగ్గరికి వచ్చేసరికి, "గేటు తాళం వదినకిచ్చారా?" అన్నాను. మీరు ఇచ్చానన్నారు. మన కాపురంలో నేను మాట్లాడిన ఆఖరి మాట అది. తలుచుకుంటే నవ్వొస్తుంది, నవ్వితే కుట్లు నొప్పి.

వచ్చే వారం పంపిస్తామన్నారు. ఓవెన్ తుడిచి పెట్టండి.

మీ భార్య

*

ప్రియమైన మీకు,

క్యారేజీ మూత తీయగానే ఉత్తరం కనిపించిందని కంగారు పడకండి, నాకేమీ కాలేదు. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకండి కూడా. నేను రాసి చూపించే పలక మీద పట్టే మాటలు కావివి.

నిన్న రొట్టెలన్నీ మాడిపోయాయి. ముక్కుతో ఊపిరి ఆగిపోయినప్పటి నుంచి నాకు వాసనలు తెలియడం లేదు. అందుకే కదా ఓవెన్ పెట్టినప్పుడల్లా మిమ్మల్ని వంటింటి గుమ్మంలో కూర్చోమనేది. నిన్న మీరు పాలకని వెళ్లారు. నేను మెడ రంధ్రంలోకి పిండి పోకుండా గుడ్డ కట్టుకుని జల్లిస్తూ, వచ్చేస్తారులే అనుకున్నాను. పొగ కళ్లకు తగిలాక గాని తెలియలేదు. ఓవెన్ ఆర్పి, మీకేమైందోనని బయలుదేరాను. పాలబ్బాయిని సైగతో అడిగితే మీరు రాలేదని చెప్పి, వదిన వాళ్ల వీధి వైపు చెయ్యి చూపించాడు. రోజూ అటే వెళతారన్నాడు.

వదిన వాళ్ల కిటికీ దగ్గరికి వచ్చేసరికి "తిన్నారా?" అని వినిపించింది.

గోడ పట్టుకున్నాను. నా గొంతు అంత బాగుండేదని నాకెప్పుడూ తెలియదు. ఎవరికి మాత్రం తన గొంతు తెలుస్తుంది? వెళ్లిపోదామనుకున్నాను, ఈలోపు మీరు మాట్లాడటం మొదలుపెట్టారు. బ్రేకులు సరిగ్గా పడటం లేదని, ఎవరో పాప స్కూలు సంచిలో కుక్కపిల్లను దాచుకుని బస్సెక్కిందని, కండక్టరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడని. గులాబి మొగ్గ తొడిగిందని. ఆవిడ ముందురోజు చేసిన కేకు ఎప్పటికంటే బాగుందని. ఆ ఆవిడ నేనే. ఆ కేకు తిని మీరు నా ముందు బొటనవేలు పైకెత్తి చూపించి ఊరుకున్నారు.

తర్వాత, "ఇంట్లో చాలా నిశ్శబ్దంగా ఉందే, నాకు భయమేస్తోంది" అన్నారు. చిలుకతో అన్నారు.

నాకు కోపమొచ్చింది. కిటికీ తలుపు కొట్టి రచ్చ చేద్దామనుకున్నాను. రచ్చ చేయాలంటే గొంతు కావాలి, అదేమో లోపల మీతో కబుర్లాడుతోంది. ఇంటికొచ్చేసి మాడిన రొట్టెలు మొక్కల కింద పాతిపెట్టాను. మీరు పాలు లేకుండా వచ్చి, నన్ను చూసి, పలక తీసుకుని "పాలు అయిపోయాయట" అని రాశారు.

నా చెవులు బాగానే ఉన్నాయండీ. కోసింది గొంతు. నేను మాట్లాడలేను, మీరెందుకు పలక పట్టుకుంటారు? నేను జవాబు చెప్పలేక బాధపడతానని మీరు అడగడమే మానేశారు. మీ మంచితనం నాకు తెలుసు. ఆ మంచితనంతోనే నన్ను ఒంటరిదాన్ని చేశారు. మేనేజరును చూడండి. నేను పిలవలేనని తెలిసిన రెండోరోజుకే ట్రే మీద చెంచాతో కొడితే పరిగెత్తుకు రావడం నేర్చుకుంది. దానిపాటి తెలివి నా మొగుడికి లేకపోయింది.

నా మాట పోయిందని ఆసుపత్రిలో ఏడ్చాను. మీ మాట కూడా పోయిందని నిన్న ఆ గోడ పక్కన ఏడ్చాను. రెండోదే ఎక్కువ నొప్పి.

ఇవాళ డ్యూటీ దిగాక లాయరును ఇంటికి తీసుకొచ్చేయండి. తువ్వాలు కప్పొద్దు. దాని మాట వింటే నాకు ఏడుపొస్తుంది, రానివ్వండి. మీరు కూడా ఏడవండి, రెండు వీధుల అవతల కాదు, ఇక్కడ, నేను చూసేలా. కాఫీ చల్లారిపోతోందని అంటే అననివ్వండి. తిన్నారా అని అడిగితే అడగనివ్వండి, మీకు వినాలని ఉన్న నా మాటలన్నీ అనిపించుకోండి.

జవాబు మాత్రం నా వైపు తిరిగి చెప్పండి.

మీ భార్య